నీళ్లతో కారు: లెక్క ఎక్కడ తప్పుతోంది

బానెట్ ఎత్తి, ఓ డబ్బాలో బాటిల్ నీళ్లు పోసి, తాళం తిప్పగానే ఇంజన్ గుర్రుమంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. ఇలాంటి వీడియో ఏటా ఒకటైనా ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. "ఇంత గొప్ప ఆవిష్కరణని చమురు కంపెనీలు తొక్కేశాయి" అన్న మాట కూడా దాని వెంటే వస్తుంది. మరోపక్క పేరున్న కార్ల కంపెనీలు నిజంగానే హైడ్రోజన్ కార్లు అమ్ముతున్నాయి. వాటి వెనక గొట్టంలోంచి పొగ బదులు నీళ్లు కారుతున్నాయి. రెండూ చూసినవాళ్లకు ఓ సందేహం రావడం సహజం. నీళ్లలో హైడ్రోజన్ ఉంది, హైడ్రోజన్‌తో కారు నడుస్తోంది, మరి నీళ్లతో కారు ఎందుకు నడవదు?

అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. నీళ్లే ఇంధనంగా కారు నడుస్తుందా అన్నది ఒకటి. ఎక్కడో కరెంటు ఖర్చుపెట్టి నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసి, దాన్ని కారులో నింపుకుని నడపొచ్చా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు 'నడవదు'. అందులో బహుశాలకూ ఏమోలకూ చోటు లేదు. రెండోదానికి జవాబు 'ఇప్పటికే నడుస్తోంది'. అయితే అక్కడ చూడాల్సింది ఎంత ఖర్చుకి నడుస్తోందన్నది. ఈ రెండు ప్రశ్నల మధ్య గీత చెరిపేస్తేనే నీళ్ల కారు పేరుతో వ్యాపారం సాగుతుంది.

కాలిపోయిన సరుకు

హైడ్రోజన్ మండడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడమే. కలిశాక వచ్చేది నీరు. కట్టె కాలాక బూడిద మిగిలినట్టు హైడ్రోజన్ కాలాక నీళ్లు మిగులుతాయి. బూడిదని మళ్లీ పొయ్యిలో పెడితే మంట రాదు, ఇవ్వాల్సిన వేడి అది ఇచ్చేసింది కాబట్టి. సముద్రాల నిండా హైడ్రోజనే అన్న మాట అబద్ధం కాదు, కానీ అదంతా ఎప్పుడో కాలిపోయిన హైడ్రోజన్.

ఇది మాటల్లో చెప్పి వదిలెయ్యాల్సిన విషయం కాదు, లెక్క వేసి చూడొచ్చు. రెండు నీటి అణువుల్లో హైడ్రోజన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య నాలుగు బంధాలుంటాయి. 36 గ్రాముల నీటి ఆవిరిలో ఈ బంధాలన్నిటినీ తెంచడానికి సుమారు 1,850 కిలోజౌళ్ల శక్తి పెట్టాలి. తెగిన ముక్కలు హైడ్రోజన్ వాయువుగా, ఆక్సిజన్ వాయువుగా తిరిగి జతకట్టేటప్పుడు 1,370 కిలోజౌళ్లు వెనక్కి వస్తాయి. అంటే మన చేతినుంచి పడేది 480 కిలోజౌళ్లు. ఇప్పుడు ఆ వచ్చిన 4 గ్రాముల హైడ్రోజన్‌ని మండించండి. ఎంత వస్తుంది? అదే 480. ఎక్కడినుంచి బయల్దేరామో సరిగ్గా అక్కడికే వచ్చాం, లాభం సున్నా. ఇదీ ఎక్కడా ఏ నష్టమూ లేని కాగితం మీది లెక్క. నిజం యంత్రంలో ప్రతి మెట్టు దగ్గరా కొంత వేడిగా పోతుంది కాబట్టి చివరికి మిగిలేది నష్టమే.

ఉత్ప్రేరకం వాడితేనో, ప్రత్యేకమైన తరంగాలు పంపితేనో ఈ లెక్క మారదా అని కొందరు అడుగుతారు. మారదు. ఉత్ప్రేరకం పని సులువుగా, వేగంగా జరిగేలా చేస్తుంది. నీటికీ హైడ్రోజన్‌కీ మధ్య ఉన్న శక్తి తేడాని అది తగ్గించలేదు. ఏ దారిన వెళ్లినా కొండ ఎత్తు అంతే.

మైలేజీ పెంచే డబ్బా

పూర్తిగా నీళ్లతోనే నడుస్తుందని చెప్పేవాళ్లకంటే, "పెట్రోలుకి తోడుగా కాస్త హైడ్రోజన్ ఇస్తే మైలేజీ పెరుగుతుంది" అని కిట్లు అమ్మేవాళ్లు ఎక్కువ. ఈ మాట వినడానికి నమ్మేలా ఉంటుంది కాబట్టి దీన్ని కాస్త నెమ్మదిగా చూద్దాం. కిట్ అంటే నీళ్లున్న చిన్న డబ్బా, అందులో లోహపు పలకలు, కారు బ్యాటరీ నుంచి వాటికి ఓ వైరు. నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన వాయువు బుడగలుగా వస్తుంది. దాన్ని ఇంజన్‌కి గాలి వెళ్లే గొట్టంలోకి పంపుతారు. బుడగలు నిజమే, ఆ వాయువు మండేదీ నిజమే. చూపించేవాడు అబద్ధం చెప్పనక్కర్లేదు, లెక్క చెప్పకపోతే చాలు.

కిట్ 14 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. అంటే 420 వాట్లు. అందులో 60 శాతం హైడ్రోజన్‌గా మారినా దాని విలువ 250 వాట్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గంటకు 6 లీటర్ల పెట్రోలు తాగుతుందనుకుంటే, ఆ పెట్రోలు ఇచ్చే శక్తి సుమారు 54 వేల వాట్లు. డబ్బా తెచ్చిన తోడు అందులో అర శాతం కూడా కాదు. పోనీ ఆ కాస్తైనా ఉచితంగా వచ్చిందా అంటే అదీ లేదు. ఆ 420 వాట్లని కారులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఇవ్వాలి, ఆల్టర్నేటర్‌ని ఇంజన్ తిప్పాలి. ఆల్టర్నేటర్‌కి ఇచ్చిన శక్తిలో 60 శాతం, ఇంజన్‌కి ఇచ్చిన పెట్రోలులో 30 శాతం పనికొస్తాయని వేసుకున్నా, ఆ కరెంటు కోసం కాలేది 2,300 వాట్ల విలువ చేసే పెట్రోలు. 2,300 పెట్టి 250 తెచ్చుకోవడం ఇది.

మరి వాడినవాళ్లు మైలేజీ పెరిగిందని ప్రమాణం చేసి మరీ చెబుతారెందుకు? కిట్ బిగించిన రోజు నుంచి మీటరు మీదే కన్ను ఉంటుంది, యాక్సిలరేటర్ మీద కాలు మెత్తబడుతుంది. ఆ మార్పు ఒక్కటే మైలేజీని కనిపించేంతగా పెంచుతుంది. కొన్ని కిట్లతోపాటు ఆక్సిజన్ సెన్సర్ సంకేతాన్ని మార్చే చిన్న సర్క్యూట్ కూడా ఇస్తారు. దాంతో ఇంజన్‌కి పెట్రోలు తగ్గి గాలి ఎక్కువ వెళుతుంది. పెట్రోలు కొంచెం మిగలొచ్చు, కానీ ఆ మిగులుకీ నీళ్లకీ సంబంధం లేదు. పైగా అలా నడిపితే ఇంజన్ వేడెక్కుతుంది, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి.

కోర్టు దాకా వెళ్లిన నీళ్లు

నీళ్ల కారు చరిత్రలో అందరికంటే ప్రసిద్ధుడు అమెరికాలోని ఒహాయోకి చెందిన స్టాన్లీ మేయర్. నీళ్లతో నడిచే బగ్గీ ఒకటి చూపించి, తన పరికరం, అంటే 'సెల్', మామూలు విద్యుద్విశ్లేషణ (కరెంటుతో నీటిని విడగొట్టడం) కంటే చాలా తక్కువ శక్తితో ఆ పని చేస్తుందని చెప్పుకున్నాడు. డబ్బు పెట్టిన ఇద్దరు కేసు వేశారు. నిపుణులు ఆ సెల్‌ని పరీక్షించి, అది మామూలు విద్యుద్విశ్లేషణే, కొత్తదేమీ లేదన్నారు. 1996లో కోర్టు దాన్ని ఘోరమైన మోసంగా తేల్చి వాళ్ల 25 వేల డాలర్లు తిరిగి ఇవ్వమంది. 1998లో మేయర్ చనిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లడం వల్లని అధికారులు తేల్చినా, విషం పెట్టి చంపారన్న కథ ఇప్పటికీ బతికే ఉంది. కోర్టు తీర్పు కంటే కథకే ఆయుష్షు ఎక్కువ.

అతనొక్కడే కాదు. ఫిలిప్పీన్స్‌లో డేనియల్ డింగెల్ దశాబ్దాలపాటు నీళ్ల కారు గురించి చెబుతూ వచ్చి, 2008లో మోసం కేసులో శిక్ష పడేనాటికి 82 ఏళ్లవాడయ్యాడు. అదే ఏడాది జపాన్‌లో జెనెపాక్స్ అనే కంపెనీ ఒసాకాలో ఓ కారుని ప్రదర్శించి, ఏడాది తిరిగేసరికి దుకాణం కట్టేసింది. 2012లో పాకిస్థాన్‌లో ఆగా వకార్ అనే ఇంజనీరు 'వాటర్ కిట్'ని మంత్రులు, టీవీ యాంకర్లు నెత్తిన పెట్టుకున్నారు. భౌతికశాస్త్రవేత్త పర్వేజ్ హూద్‌భాయ్ లాంటి కొద్దిమంది మాత్రం ఇది శక్తిని కొత్తగా పుట్టించలేమనే శక్తి నిత్యత్వ నియమానికే విరుద్ధమని మొత్తుకున్నారు. దేశం మారినా కథలో మెలిక ఒక్కటే. కారు నిజంగానే కదులుతుంది. దాన్ని కదిలించే శక్తి ఎక్కడినుంచి వస్తోందో మాత్రం ఎవరూ కొలవనివ్వరు.

కొన్ని ప్రదర్శనల్లో అసలు ఇంధనం నీళ్లలో వేసే లోహమే. అల్యూమినియం మీద ఉండే ఆక్సైడ్ పొరని గాలియం లాంటి లోహంతో వదిలిస్తే అది నీటితో చర్య జరిపి హైడ్రోజన్‌ని విడుదల చేస్తుంది. అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన జెర్రీ వుడాల్ బృందం 2007లో దీన్ని చూపించింది, అందులో దాపరికం ఏమీ లేదు. కానీ అక్కడ ఖర్చయిపోయేది అల్యూమినియం. కిలో అల్యూమినియంతో వచ్చేది సుమారు 110 గ్రాముల హైడ్రోజన్, అంటే 3.7 యూనిట్ల శక్తి. ఆ కిలో అల్యూమినియం తయారవడానికి పట్టిన కరెంటు 13 నుంచి 15 యూనిట్లు.

ఒక చిన్న పరీక్ష ఉంది. "లీటరు నీళ్లతో 500 కిలోమీటర్లు" లాంటి మాట వింటే, లీటరు నీళ్లలో ఉన్న హైడ్రోజన్ 111 గ్రాములేనని గుర్తుచేసుకోవాలి. దాన్ని మొత్తం ఊడ్చి తీసి, ఇవాళ దొరికే మంచి హైడ్రోజన్ కారులో పోసినా అది 13 కిలోమీటర్లు కూడా దాటదు. అంటే ఆ మాట చెప్పేవాడు భౌతికశాస్త్రాన్నే కాదు, కూడికలు తీసివేతల్ని కూడా దాటేశాడు.

నిజంగా నడిచే కారు

ఇక రెండో ప్రశ్న. నీటిని కరెంటుతో విడగొట్టడం కొత్త విద్య కాదు. 1800లో వోల్టా బ్యాటరీ కబురు అందిన కొద్ది వారాలకే లండన్‌లో విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ ఆ పని చేశారు. హైడ్రోజన్‌తో నడిచే ఇంజన్‌ని బండికి బిగించిన ఫ్రాంస్వా ఐజాక్ డి రివాజ్ కాలం 1807, అంటే పెట్రోలు కారు పుట్టడానికి ఎన్నో దశాబ్దాల ముందు. విద్యుద్విశ్లేషణని తిరగేసి, హైడ్రోజన్‌నీ ఆక్సిజన్‌నీ కలిపి కరెంటు పుట్టించే పరికరాన్ని 1840 ప్రాంతంలో విలియం గ్రోవ్ చేశాడు. అదే ఇప్పటి ఫ్యూయల్ సెల్‌కి తాత. చంద్రుడి దగ్గరకు వెళ్లిన అపోలో నౌకల్లో కరెంటు ఇచ్చింది ఫ్యూయల్ సెల్సే. వాటిలోంచి వచ్చిన నీటినే వ్యోమగాములు తాగారు.

ఇవాళ్టి హైడ్రోజన్ కార్లలో ఎక్కువ భాగం ఫ్యూయల్ సెల్‌తో నడిచేవే. వాటిలో ఏదీ మండదు. హైడ్రోజన్ ఓ వైపునుంచి వచ్చి, ప్లాటినం పూత మీద ప్రోటాన్‌గా, ఎలక్ట్రాన్‌గా విడిపోతుంది. మధ్యనున్న పల్చటి పొర ప్రోటాన్లని మాత్రమే దాటనిస్తుంది. ఎలక్ట్రాన్లు చుట్టుతిరిగి తీగ గుండా పోవాలి, ఆ దారిలో మోటారుని తిప్పుతాయి. అవతల ఆక్సిజన్ దగ్గర రెండూ కలుసుకుని నీరవుతాయి. కాబట్టి హైడ్రోజన్ కారు కూడా ఒక రకం ఎలక్ట్రిక్ కారే. తేడా అల్లా కరెంటుని బ్యాటరీలో మోస్తుందా, హైడ్రోజన్ రూపంలో మోస్తుందా అన్నదే.

మోయడంలోనే అసలు తలనొప్పి. హైడ్రోజన్ కిలోకి 33 యూనిట్ల శక్తినిస్తుంది, పెట్రోలు 12. బరువు చూస్తే హైడ్రోజన్‌కి తిరుగులేదు. జాగా దగ్గరకు వచ్చేసరికి కథ తిరగబడుతుంది. మామూలు గాలి పీడనం దగ్గర కిలో హైడ్రోజన్ పట్టడానికి 11, 12 ఘనమీటర్ల చోటు కావాలి, అంటే చిన్న గదిలో సగం. అందుకే 700 బార్ల పీడనంతో కుక్కుతారు. కారు టైరులో ఉండే పీడనానికి ఇది సుమారు 300 రెట్లు. అంత కుక్కినా లీటరుకి 40 గ్రాములే పడుతుంది, శక్తిలో అది లీటరు పెట్రోలుకి ఏడో వంతు. ద్రవంగా మారిస్తే ఇంకాస్త ఎక్కువ పడుతుంది గానీ, మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి, ఆ చలిని నిలపాలి. బీఎండబ్ల్యూ 'హైడ్రోజన్ 7' ద్రవ హైడ్రోజన్‌తో వచ్చింది. బండి నిలిపి ఉంచితే ట్యాంకులోని హైడ్రోజన్ మెల్లగా ఆవిరై పోయేది.

టయోటా మిరాయ్ 2014 చివర్లో మార్కెట్లోకి వచ్చింది. 2020లో వచ్చిన రెండో తరం కారులో మూడు ట్యాంకులు, 5.6 కిలోల హైడ్రోజన్, కాగితం మీద 650 కిలోమీటర్ల రేంజ్. ఐదు నిమిషాల్లో నింపుకోవచ్చు. నడపడానికి బాగుంటుంది, చప్పుడు ఉండదు. ఇంజనీరింగ్‌గా చూస్తే చక్కటి పని, ఇందులో వంక పెట్టడానికి లేదు.

60 యూనిట్ల కథ

వంక పెట్టాల్సింది లెక్కలో. కిలో హైడ్రోజన్‌కి 9 లీటర్ల నీళ్లు విడిపోవాలి. శుద్ధి చెయ్యడానికీ చల్లబరచడానికీ ఇంకొన్ని నీళ్లు కావాలి, అది పెద్ద సమస్య కాదు. కరెంటు మాత్రం 50 నుంచి 55 యూనిట్లు పడుతుంది. కుక్కడానికీ, బంకులో చల్లబరచి నింపడానికీ మరికొన్ని. మొత్తం 60 అనుకుందాం. ఆ కిలోతో కారు 100 నుంచి 115 కిలోమీటర్లు వెళుతుంది.

అదే 60 యూనిట్లని బ్యాటరీ కారుకి ఇస్తే, చార్జింగ్ నష్టాలు పోగా దాదాపు 300 కిలోమీటర్లు వెళుతుంది.

హైడ్రోజన్ మీద జరిగే వాదాలన్నీ ఈ మూడు రెట్ల తేడా చుట్టూనే తిరుగుతాయి. కరెంటుని హైడ్రోజన్ చేసేటప్పుడు మూడో వంతు దాకా పోతుంది. కుక్కేటప్పుడు కొంత పోతుంది. ఫ్యూయల్ సెల్‌లో మళ్లీ కరెంటు చేసేటప్పుడు మిగిలినదాంట్లో దాదాపు సగం పోతుంది. టెక్నాలజీ మెరుగైతే ఈ తేడా కొంత తగ్గుతుంది గానీ, రెండుసార్లు రూపం మార్చే దారి కరెంటుని నేరుగా బ్యాటరీలో నింపే దారిని మించడం కష్టం.

ఆ కరెంటు బొగ్గుదైతే పరిస్థితి మరీ దారుణం. బొగ్గు కరెంటు యూనిట్‌కి సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అంటే 'నీటి నుంచి తీసిన శుభ్రమైన' కిలో హైడ్రోజన్ వెనక 50 కిలోల పైన కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంత హైడ్రోజన్‌ని సహజవాయువు నుంచి తీసినా వచ్చేది 9, 10 కిలోలే. కాబట్టి ఎవరైనా హైడ్రోజన్ గురించి మాట్లాడితే నీళ్లు ఎక్కడివని కాదు, కరెంటు ఎక్కడిదని అడగాలి.

నిజానికి ప్రపంచంలో హైడ్రోజన్ దాదాపు అంతా సహజవాయువు, బొగ్గు నుంచే వస్తోంది. 2023లో వాడింది 9.7 కోట్ల టన్నులు. అందులో తక్కువ కాలుష్యంతో తయారైనది ఒక శాతం కూడా లేదు. ఇక్కడో తమాషా ఉంది. సహజవాయువుని వేడి ఆవిరితో కలిపి హైడ్రోజన్ తీసే పద్ధతిలో, బయటికి వచ్చే హైడ్రోజన్‌లో సగం ఆ నీటి ఆవిరి నుంచే వస్తుంది. 'నీటి నుంచి వచ్చిన హైడ్రోజన్' అని ప్రకటన రాస్తే రసాయనశాస్త్రం ప్రకారం సగం నిజమే!

హైడ్రోజన్ కార్ల వైపు నుంచి చెప్పే మాటల్లో బలమైనది ఒకటుంది. మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు, రాత్రి గాలి బాగా వీచినప్పుడు వాడేవాళ్లు లేక వృథా అయ్యే కరెంటుని హైడ్రోజన్‌గా దాచుకోవచ్చు కదా? వారాలు, నెలల తరబడి నిల్వ చెయ్యాలంటే బ్యాటరీల కంటే ఇదే నయం. నిజమే, కానీ నీటిని విడగొట్టే ఖరీదైన యంత్రాన్ని (ఎలక్ట్రోలైజర్‌ని) రోజుకి రెండు మూడు గంటలే నడిపితే పెట్టుబడి తిరిగి రాదు. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. అంత జాగ్రత్తగా దాచిన హైడ్రోజన్‌ని, ఇంట్లో ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకోగల కారుకే ఎందుకు పొయ్యాలి?

భద్రత గురించి భయం కొంత ఎక్కువే అనాలి. హైడ్రోజన్ చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది, మంట పగటిపూట కంటికి సరిగ్గా కనబడదు. అయితే లీకైతే పెట్రోలులా నేల మీద పారదు, పైకి లేచి చెదిరిపోతుంది. 2019 జూన్‌లో నార్వే రాజధాని ఓస్లో దగ్గర ఓ హైడ్రోజన్ బంకు పేలింది, కారణం ట్యాంకు బోల్టులు సరిగ్గా బిగించకపోవడం.

కార్లకి అంతకంటే పెద్ద దెబ్బ బంకులు లేకపోవడం. కార్లు లేవని బంకులు పెట్టరు, బంకులు లేవని కార్లు కొనరు. హైడ్రోజన్ కార్లు ఎక్కువగా తిరిగే ప్రాంతాల్లో కాలిఫోర్నియా ఒకటి. అక్కడే చమురు కంపెనీ షెల్ 2024లో తన కార్ల హైడ్రోజన్ బంకులన్నీ మూసేసింది. కార్ల కంపెనీ స్టెల్లాంటిస్ 2025లో తన హైడ్రోజన్ వాహనాల కార్యక్రమాన్నే ఆపేసింది. టయోటా, హ్యుందాయ్ మాత్రం పట్టు వదలకుండా ఉన్నాయి. బరువైన లారీలు, గంటల తరబడి ఆగకుండా తిరగాల్సిన బండ్లు వాటి ఆశ. బ్యాటరీ బరువు మోసుకు తిరగడం దండగ అనిపించే చోట హైడ్రోజన్‌కి ఇంకా అవకాశం ఉంది. మామూలు కారు విషయంలో మాత్రం పోటీ ముగిసినట్టేనని నా అభిప్రాయం.

ఇక నీటి నుంచి తీసిన హైడ్రోజన్‌కి గిరాకీ లేదా అంటే, కావలసినంత ఉంది. ఎరువులకి కావలసిన అమ్మోనియాలో ముప్పావు వంతు పరమాణువులు హైడ్రోజనే. చమురు శుద్ధి కర్మాగారాలు దాన్ని టన్నులకొద్దీ వాడతాయి. ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ని లాగడానికి బొగ్గు బదులు హైడ్రోజన్ వాడి స్వీడన్‌లో 2021లోనే ఉక్కు చేసి చూపించారు. ఈ పనుల్లో హైడ్రోజన్ ఇంధనం కాదు, ముడిసరుకు. కారుకైతే బ్యాటరీ ఉంది, అమ్మోనియాలో హైడ్రోజన్ బదులు ఇంకోటి పెట్టడం కుదరదు.